తలకి థర్మల్ కట్టుకుని బోదెలో పడ్డవాడి ఉత్తరం

సంపాదకుల వారికి,

నమస్కారమండి. పోయిన ఆదివారం మీ అనుబంధంలో రాత్రి వేటకి వాడే థర్మల్ కెమెరాల మీద, అంటే చీకట్లో ఒంటి వేడిని పట్టి చూపించేవాటి మీద, ఒక వ్యాసం వేశారు. చేత్తో పట్టుకునేది మంచిదా, హెల్మెట్‌కి బిగించుకునేది మంచిదా అని మొదలెట్టి, చివరికి హెల్మెట్‌దే మేలని తేల్చేశారు. రాసినాయన విదేశాల్లో వేటాడేవాళ్ళ అనుభవాలు పోగేసి రాసినట్టున్నారు, ఆయన్ని తప్పు పట్టడానికి రాయట్లేదు. కానీ ఆ పేజీ మా ఊరి టీ కొట్టు దగ్గర చేతులు మారి మారి మడతల దగ్గర చిరిగిపోయింది, సోమవారం సాయంత్రానికల్లా నలుగురు మా అరుగు ఎక్కి "ఏవండీ, పేపర్లో హెల్మెట్‌ది కొనమంటున్నారు కదా, మీరేంటి చేతిది పట్టుకు తిరుగుతున్నారు" అని నిలదీశారు. నాకు రెండూ వాడిన అనుభవం ఉంది, ఒకదానితో బోదెలో, అంటే పొలం పక్క నీళ్ళ కాలవలో, పడ్డ అనుభవం కూడా ఉంది. అందుకే ఈ ఉత్తరం. పెద్దదయ్యేలా ఉంది, చోటు లేకపోతే కోసుకోండి, పాముల సంగతి మాత్రం కొయ్యొద్దు.

ముందు ఒక మాట. మన దగ్గర వేట అనే మాటే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేట నిషేధం, అడవి పంది కూడా అందులో ఉంది. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్ళు, అంటే ఏ జంతువుకి ఎంత రక్షణో చెప్పే జాబితాలు, మార్చారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, పంది ఇప్పుడు రెండో షెడ్యూల్లో ఉంది. పంటని పాడు చేస్తున్నదని చంపాలన్నా పదకొండో సెక్షన్ కింద అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలి. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించారు, ఆ ముచ్చట వేరే. మీ వ్యాసంలో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా లేదు. చదివిన కుర్రాళ్ళలో ఒకడు "అయితే ఎయిర్ గన్ మీద కూడా బిగించుకోవచ్చాండీ" అని అడిగాడు నన్ను. జైలుకెళ్తావురా అని చెప్పి పంపించాను. కాబట్టి నేను రాసేదంతా కాపలా గురించి. జంతువుని చూడ్డం, చప్పుడు చేసి తరమడం, అంతవరకే.

మాది కోనసీమలో ఒక లంక. గోదారి పాయలు వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఎక్కడో అనుకోండి. అరటి, కంద, పసుపు, కొంచెం మొక్కజొన్న. పందులు మాకు పాత చుట్టాలు కావు. 1986 వరదకి ఎగువ నుంచి కొట్టుకొచ్చి లంకల్లో చిక్కుకున్నాయని మా పెద్దాళ్ళు అంటారు, అందులో ఎంత నిజమో గాని పంది ఈత బాగా కొడుతుంది, ఏటిపాయ దానికి ఒక లెక్క కాదు. రెల్లు దుబ్బుల్లో పగలంతా పడుకుని రాత్రి పదకొండు దాటాక బయటికొస్తాయి. కంద పాదు ఒకటి తవ్వితే ఊరుకోవు, వరసంతా ముట్టెతో దున్నుకుంటూ పోతాయి, పొద్దున్న వెళ్ళి చూస్తే ఎవరో ట్రాక్టర్ తోలినట్టుంటుంది. అరటయితే గెల కోసం కాదు, దుంప కోసం మొదలు కూల్చేస్తాయి. తొమ్మిది నెలలు పెంచిన చక్కెరకేళి అరటి చెట్టు పక్కకి ఒరిగి పడి ఉంటే చూసేవాడి కడుపు ఎలా మండుతుందో రాయక్కర్లేదు.

ఆ మంటలోనే కొందరు చేసే పని కరెంటు తీగ. స్తంభం నుంచి డైరెక్టుగా తీగ లాగి పొలం చుట్టూ కట్టేయడం. సోలార్ ఫెన్సింగు వేరు, అందులో కరెంటు ఆగి ఆగి చిన్న దెబ్బలా కొడుతుంది. ఇది అలా కాదు, పట్టుకుంటే వదలదు. మా పక్క లంకలో రెండేళ్ళ కింద ఇలాంటి తీగకి చూడి గేదె పోయింది. దాని ముందు నడుస్తున్న పిల్లాడు రెండడుగులు పక్కకి జరగబట్టి బతికాడు. ఆ రోజు సాయంత్రం రేవు దగ్గర కూర్చుని నేనూ మా తమ్ముడూ అనుకున్నాం, తీగలొద్దు, మంచె వేసుకుని కాపలా కాద్దాం, ఖర్చయినా సరే చీకట్లో చూసే పరికరం ఏదైనా కొందాం అని.

టార్చిలైటుతో ఏమవుతుందంటే, వెలుగు పడగానే పంది రెల్లులోకి దూకుతుంది, మనం మంచె దిగి ఇంటికెళ్ళగానే మళ్ళీ వస్తుంది. అసలు ఎటు నుంచి వస్తున్నాయి, ఎన్ని వస్తున్నాయి, ఎక్కడ ఏటిగట్టు దిగుతున్నాయి అన్నది తెలిస్తే అక్కడే కంచె గట్టిగా వేసుకోవచ్చు. అది తెలియడానికి థర్మల్. ఇది వెలుతురుతో పని చేసేది కాదు, ఒంటి నుంచి వచ్చే వేడిని చూస్తుంది, ఎనిమిది నుంచి పద్నాలుగు మైక్రాన్ల మధ్య ఉండే కిరణాలు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందుకే అమావాస్య రాత్రయినా పున్నమయినా ఒకటే. దాని అద్దం మామూలు గాజు కాదు, జెర్మేనియం, నల్లగా అద్దంలా మెరుస్తుంది, ఇటు నుంచి అటు మన కంటికి ఏమీ కనపడదు కానీ వేడి మాత్రం దూరిపోతుంది. మామూలు గాజు దీనికి సరిగ్గా తిరగబడి పని చేస్తుంది. మా తమ్ముడు మొదటి రోజు కార్లో కూర్చుని అద్దాలు బిగించుకుని చూసి "ఇది పాడైపోయిందన్నయ్యా, నా మొహమే కనపడుతోంది" అన్నాడు. పాడవలేదు, గాజులోంచి వేడి కిరణాలు రావు, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ పందులు మనకంటే పెద్ద తలనొప్పి, 2019 సెప్టెంబరు నుంచి సొంతదారు ఒప్పుకుంటే ప్రైవేటు భూముల్లో పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. వాడి స్నేహితులు కొందరు రాత్రుళ్ళు పందుల వేటకి వెళ్తారు, ఒకసారి వీడూ వెంట వెళ్ళొచ్చి వీడియో కాల్లో అంతా చూపించాడు. ఒకటి పంపరా అంటే "కుదరదు మామయ్యా, ఇక్కడ వీటికి ఎగుమతి చట్టం ఉంది, సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కేస్తే నన్ను పట్టుకుంటారు" అన్నాడు. కొత్త సంగతి నాకు. కాబట్టి అమెరికా చుట్టాలున్నవాళ్ళు ఆ ఆశ పెట్టుకోకండి.

వాడు చూపించినదాంట్లో నేను గమనించింది, మీ వ్యాసంలో లేనిది ఒకటుంది. అక్కడ హెల్మెట్ పెట్టుకున్న మనిషి దగ్గర రెండు థర్మళ్ళు ఉంటాయి. తల మీదది ఒకటి, తుపాకి మీదది ఇంకొకటి. తల మీదదానితో నడుస్తూ వెతుకుతాడు, అదిగో ఏదో ఉంది అనుకోగానే ఆగి, తుపాకి మీద ఉన్న పెద్ద అద్దంలోంచి అది పందా, దూడా, కుక్కా అని తేల్చుకుంటాడు. అంటే హెల్మెట్‌ది సగం పనే చేస్తుంది. మిగతా సగం చేసే వస్తువు వాడి చేతిలో ఉంది. మన చేతిలో ఏముందండి? కర్ర, టార్చి, ఒక డబ్బా, నాలుగు టపాకాయలు. హెల్మెట్‌ది ఒక్కటే కొనుక్కుంటే మనం సగం పరికరం కొన్నట్టు.

ఎందుకు సగం అంటే లెక్క చెప్తాను, భయపడకండి, కంద పాదుల లెక్కంత తేలిక. ఈ కెమెరాల్లో బొమ్మని గీసే చుక్కలు, అదే పిక్సెళ్ళు, ఉంటాయి, మధ్యరకం వాటిలో అడ్డంగా 384, నిలువుగా 288. ఒక్కో చుక్క పన్నెండు మైక్రాన్లు. హెల్మెట్‌కి బిగించేదానికి మన కన్ను చూసినంతే పెద్దదిగా కనపడాలి, లేకపోతే నడవలేం, కాబట్టి దానికి పొట్టి అద్దం పెడతారు, పదమూడు మిల్లీమీటర్లు అనుకుందాం. అలాంటిదాంట్లో వంద మీటర్ల దూరంలో ఒక్కో చుక్క తొమ్మిది సెంటీమీటర్లకి పైగా ఆక్రమిస్తుంది. మీటరు పొడుగున్న పంది పదకొండు చుక్కల పొడుగు, ఏడో ఎనిమిదో చుక్కల ఎత్తు. పదకొండు చుక్కలతో పందిని గీసి చూడండి ఒకసారి కాగితం మీద. అదే చేతిదానికి ముప్ఫైఅయిదు మిల్లీమీటర్ల అద్దం ఉంటే వంద మీటర్లలో చుక్క మూడున్నర సెంటీమీటర్ల లోపే, పంది దాదాపు ముప్ఫై చుక్కలు. ముట్టె కనపడుతుంది, వీపు మీద వంపు కనపడుతుంది, పిల్లలు వెనక వరసగా రావడం కనపడుతుంది.

దీనికి మూల్యం ఉందనుకోండి. పొట్టి అద్దంలో వంద మీటర్ల దగ్గర ముప్ఫైఅయిదు మీటర్ల వెడల్పు ఒకేసారి కనపడుతుంది, పొడుగుదాంట్లో పదమూడే. అందుకని చేతిదానితో అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ చూడాలి. మంచె మీద కూర్చున్నవాడికి అంతకంటే పనేముంది.

కొట్లో అమ్మేవాళ్ళు "పద్దెనిమిది వందల మీటర్లు కనపడుతుందండి" అంటారు. కనపడుతుంది, ఏదో ఒక తెల్ల చుక్క ఉన్నట్టు కనపడుతుంది. అది ఏమిటో తెలిసే దూరం దాంట్లో చాలా తక్కువ వంతు. పెట్టె మీద రాసిన దూరం చూసి కొనేవాళ్ళు ఆ ముక్క అడగాలి.

ఇప్పుడు బోదె కథ. మొదట నేను హెల్మెట్‌దే వాడాను. మా వియ్యంకుడి తాలూకు వాళ్ళెవరి దగ్గరో ఉంటే నెల్రోజులు అరువు తెచ్చుకున్నాను. పుష్య మాసం, మంచి చలి, తెల్లవారుజామున మూడింటప్పుడు మంచె దిగి అరటి తోట చుట్టూ ఒక తిరుగుడు తిరుగుదామని బయల్దేరాను. కుడి కంటికి పరికరం, ఎడమ కన్ను చీకట్లోకి. మనకి రాత్రి పూట గట్టు అలవాటు కదండి, నలభై ఏళ్ళుగా వెన్నెల్లో నడుస్తున్నాం, తెల్లగా కనపడేది గట్టు, నల్లగా కనపడేది నీళ్ళు. థర్మల్‌లో వేడిది తెల్లగా చూపిస్తుంది. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడిపోతుంది, నీళ్ళు మాత్రం పగటి వేడి ఇంకా పట్టుకుని ఉంటాయి. కాబట్టి బోదె తెల్లగా, నున్నగా, సిమెంటు రోడ్డులా మెరుస్తోంది. గట్టేమో బూడిద రంగులో పక్కన ఎక్కడో కలిసిపోయింది. నేను రోడ్డు మీద కాలు పెట్టాను.

నడుము దాకా దిగాను. కళ్ళజోడు పోయింది, అది ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది. పరికరం పాడవలేదు, నీళ్ళకి తట్టుకునేదే. మా ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు మాట్లాడింది, మాట్లాడకపోతేనే బాగుండేది.

ఇందులో నా తెలివితక్కువతనం కొంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ పరికరం తీరు కూడా ఉంది. ఒక్క కంటితో తెర చూస్తూ నడిస్తే లోతు తెలీదు, గట్టు ఎత్తెంత, గుంట లోతెంత అన్నది రెండు కళ్ళు కలిస్తేనే తేలుతుంది. పైగా ఈ కెమెరాలు కాసేపటికోసారి లోపల తెర మూసి తమని తాము సరిచూసుకుంటాయి, టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది, బొమ్మ అర క్షణం ఆగిపోతుంది. చేతిలో ఉన్నదయితే ఆగింది అనుకుంటాం. తల మీదదయితే తల తిరుగుతుంది, బొమ్మ తిరగదు, కాలు ఎక్కడ పడుతుందో దేవుడికి తెలియాలి. మెరక పొలాల్లో, పచ్చిక మైదానాల్లో నడిచేవాళ్ళకి ఇది పట్టదు. మాకు ప్రతి పది అడుగులకీ ఒక బోదో, తూమో, కందకమో ఉంటుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. పరికరం మూడు వందల గ్రాములే కదా అంటారు, అది నుదుటి ముందు వేలాడుతుంది, దాన్ని సరిచెయ్యడానికి వెనకాల ఇంకో బరువు కట్టాలి, మధ్యలో హెల్మెట్. నాకు అప్పటికే మెడ నరాలు పట్టేసి కాలర్ వేసుకోమన్నారు డాక్టరు గారు. ఇక ఉక్కపోత. ఏప్రిల్ రాత్రి లంకలో గాలాడనప్పుడు హెల్మెట్ పెట్టుకుని ఒక గంట కూర్చోండి, చెమట కనుబొమల మీంచి కారి అద్దం మీద ఆవిరి పడుతుంది, తుడవాలంటే తియ్యాలి, తీస్తే మళ్ళీ బిగించాలి. కళ్ళజోడు వాళ్ళకయితే ఇంకో బాధ, జోడుకీ పరికరానికీ మధ్య ఆ ఆవిరి ఇరుక్కుపోతుంది. బ్యాటరీ కూడా అంతే, తల మీదది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి తెల్లారేదాకా ఆగదు, చేతిదయితే నిమిషం చూసి నిద్ర పుచ్చుతాం, పొద్దున్నకి ఇంకా మిగిలి ఉంటుంది.

హెల్మెట్‌దానికి ఏ గుణమూ లేదని కాదు. మా బావమరిదికి తాళ్ళరేవు వైపు రొయ్యల చెరువులున్నాయి. వాళ్ళ గట్లు మోపెడ్డు పోయేంత వెడల్పు, చదును. రాత్రంతా చెరువు చుట్టూ నడుస్తూ నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగాయా తిరుగుతున్నాయా చూసుకోవాలి, చెక్ ట్రే ఎత్తి మేత తిన్నాయా లేదా చూడాలి, రెండు చేతులూ పనిలో ఉంటాయి. వాడికి తల మీదదే సుఖం. గట్టు మీద మనిషి ఉంటే చాలు వాడికి తెలియాల్సింది, ఆ మనిషి మీసం కనపడక్కర్లేదు, ఆ వేళప్పుడు అక్కడ ఉన్నవాడు దొంగే. ఇంకో లాభం కూడా వాడే కనిపెట్టాడు, స్టార్టరు పెట్టెలో ఒక వైరు వదులై వేడెక్కుతుంటే థర్మల్‌లో నిప్పు కణికలా కనపడిందట, కాలిపోకముందే బిగించుకున్నాడు. అయితే వాడికీ ఒక చిక్కొచ్చింది. ఒక రాత్రి చెరువు అంచున ఏదో జంతువు వంగి కూర్చుని ఉంది, కుక్కనుకుని రాయి విసరబోయి ఎందుకో ఆగి టార్చి వేస్తే బావురుపిల్లి. కోరింగ మడ అడవులు అక్కడికి దగ్గరే కదా, అక్కడి నుంచి చేపల కోసం వస్తుంటాయి. మొదటి షెడ్యూల్ జంతువది, దానికేదైనా అయితే మామూలు కేసు కాదు. తల మీద ఉన్నదాంట్లో కుక్కకీ దానికీ తేడా వాడికి తెలియలేదు.

నా దగ్గర ఇంతకంటే భయపెట్టిన సంగతి జరిగింది, బోదెలో పడ్డ వారానికి. మంచు బాగా ఉంది. హెల్మెట్‌లోంచి చూస్తే మొక్కజొన్న చివర, నూట ఇరవై మీటర్లుంటుంది, పొట్టిగా, గుండ్రంగా, తెల్లగా ఒకటి కదులుతోంది. ముందుకి వంగుతోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది, తవ్వుతున్నట్టే. పక్కనున్న కుర్రాడు అప్పటికే అగరొత్తి వెలిగించి టపాకాయ వత్తి దగ్గర పెట్టాడు. మంచె దిగి చాటుగా ముప్ఫై అడుగుల దాకా పోయి విసిరేద్దాం అని మా పథకం. ఆ రోజు అదృష్టం ఏంటంటే మా తమ్ముడు చూద్దామని వాళ్ళ స్నేహితుడి చేతి థర్మల్ ఒకటి తెచ్చాడు. దాన్ని కంటికి పెట్టుకున్నవాడు "ఆగండ్రా" అన్నాడు, గొంతు మారిపోయింది. నేను తీసుకుని చూశాను. చెయ్యి కనపడింది. అయిదు వేళ్ళూ కాదు గాని మోచేయి దగ్గర వంపు, చెయ్యి నీళ్ళలో ముంచి తీయడం. మా పక్క చేను కౌలు చేసే ముసలాయన, తూములో చెత్త అడ్డం పడితే తీసుకుంటున్నాడు గొంతుక్కూర్చుని. దుప్పటి కప్పుకున్నాడు. దుప్పటి ఒంటి వేడిని ఆపేస్తుంది, తల సగం, ముందుకి వచ్చిన చేతులు మాత్రమే తెల్లగా కనపడి, మిగతా మనిషి మనిషి ఆకారంలో లేకుండా పోయాడు.

టపాకాయ పడితే ఏమయ్యేదో, డెబ్భై ఏళ్ళ మనిషి, మంచులో, తూము అంచున. అదే ఇంకొకడి చేతిలో తుపాకి ఉండి ఉంటే? "నేను పందనుకున్నాను" అనే మాట ఆ తర్వాత ఎవరికి కావాలి. మర్నాడు ఆయనకి సంగతి చెప్తే నవ్వేసి "నేనూ మిమ్మల్ని చూసి దెయ్యాలనుకున్నాను, ఆ మొహం మీద వెలుగేంటండి" అన్నాడు. ఇది కూడా గుర్తుంచుకోండి, కంటి దగ్గర తెర వెలుగు మొహం మీద పడుతుంది. పందికి చూపు మందం, వాసనే దాని బలం, కాబట్టి ఆ వెలుగు దానికి అడ్డం కాదు, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మంచె వేసుకుంటే చాలు. మనుషులకి మాత్రం బాగా కనపడుతుంది.

ఆ రాత్రే నిర్ణయం అయిపోయింది. హెల్మెట్‌ది తిరిగిచ్చేశాం, అన్నదమ్ములం చెరి సగం వేసుకుని చేతిది కొన్నాం, ముప్ఫైఅయిదు అద్దం. ధర చెప్పను, మా ఆవిడ ఈ పేపరు చదువుతుంది. మెడలో తాడు వేసుకుంటాం, మంచె మీద పావుగంటకోసారి ఒక చుట్టు చూస్తాం, దిగి నడిచేటప్పుడు అది మెడలోనే వేలాడుతుంది, కళ్ళు రెండూ మనవే. చూశాక ఆ కంటికి కాసేపు చీకటి కమ్మినట్టుంటుంది, చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, అందుకని మంచె దిగేవాడు చూడడు, చూసేవాడు దిగడు. ఇద్దరుంటాం కాబట్టి సరిపోయింది.

కొనేవాళ్ళకి మన డెల్టాకి సంబంధించిన ఒక జాగ్రత్త చెప్పాలి. చుక్కల లెక్క ఒక్కటే చూడకండి, ఎంత చిన్న వేడి తేడాని పట్టుకుంటుందన్నది చూడండి. పెట్టె మీద మిల్లీ కెల్విన్లని రాస్తారు, డిగ్రీలో వెయ్యో వంతు, ఆ అంకె తక్కువుంటేనే మంచిది, నలభై కంటే ఇరవైఅయిదు మేలు. పొడి ప్రాంతాల్లో రాత్రి నేల చల్లబడి జంతువు దీపంలా వెలుగుతుంది. మన దగ్గర మే నెల రాత్రి గాలి తడి, నేల వెచ్చన, నీళ్ళు వెచ్చన, కొబ్బరి మాను వెచ్చన, అన్నీ ఒకటే బూడిద. సాయంత్రం ఏడింటికి చూస్తే కొబ్బరి తోటంతా ట్యూబులైట్లు నిలబెట్టినట్టుంటుంది, తొమ్మిదీ పదీ దాటితే గాని తగ్గవు. వాన వెలిసిన వెంటనే, పొగమంచు దట్టంగా ఉన్నప్పుడు ఏ పరికరమైనా మందగిస్తుంది. ఇంకోటి, ఆకుల్లోంచి కనపడదు. అరటి ఆకు వెనకాల పంది నిలబడితే ఆకే కనపడుతుంది. రెండు ఆకుల సందులోంచి ఒక చెవి తెల్లగా మెరుస్తుంది, దాన్ని పట్టుకోవడం అలవాటు మీద వస్తుంది. కొనేముందు ఎవరిదైనా అడిగి మన తోటలోనే, మన రాత్రిలోనే చూసి కొనండి, కొట్టులో ఏసీ గదిలో చూస్తే అన్నీ బ్రహ్మాండంగానే ఉంటాయి.

మా లాభం ఏమిటంటే, ఇరవై రోజులు చూసేసరికి అవి వచ్చే దారి తెలిసిపోయింది. ఏటిపక్క రెల్లు దగ్గర ఒకటే చోట గట్టు కోసుకుపోయి ఉంది, అక్కడి నుంచే దిగుతున్నాయి, పెద్దవి నాలుగు, పిల్లలు ఏడు. అక్కడ ముళ్ళకంప కొట్టి, ఆ మూల వరకే సోలార్ ఫెన్సింగు వేశాం. కంద ఈ ఏడు చాలావరకు దక్కింది. వరద గోదారి వచ్చాక కంచె మళ్ళీ కొత్తగా వేసుకోవాలి, అది ఎలాగూ తప్పదు.

చివరగా పాముల సంగతి. మీ వ్యాసంలో "థర్మల్ ఉంటే టార్చితో పనే లేదు" అని ఒక వాక్యం ఉంది. అది చదివి నాకు ఒళ్ళు జలదరించింది. పాము ఒంట్లో మనకున్నట్టు సొంత వేడి ఉండదు, చుట్టూ ఎంత వేడి ఉంటే అదీ అంతే. పోయిన మాఘంలో నేను అరటి తోట అంచున నిలబడి చేతిదాంట్లోంచి దూరంగా చూస్తున్నాను, టార్చి ఆర్పేసి ఉంది. వెనకాల వస్తున్న కుర్రాడు ఎందుకో టార్చి వేసి "బాబాయ్, కదలకండి" అన్నాడు. నా కాలికి గజం దూరంలో ఎండు అరటాకుల మీద రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది. అప్పుడు వినపడింది నాకు ఆ బుస, అంతవరకు కుక్కర్ చప్పుడు ఎక్కడి నుంచో అనుకున్నట్టున్నాను. మెల్లగా వెనక్కి జరిగాం. జరిగాక, అది అక్కడే ఉందని తెలిసి, టార్చి ఆర్పించి థర్మల్ పెట్టి చూశాను. ఎండాకులు, ఎండాకులు, ఎండాకులు. ఎక్కడుందో తెలిసి కూడా నాకు ఆనవాలు దొరకలేదు. ఇది చేతిదానికైనా తలదానికైనా ఒకటే. కట్లపాము కూడా రాత్రి తిరిగేదే, అది బుస కొట్టి హెచ్చరిస్తుందన్న నమ్మకం కూడా లేదు. మా మేనల్లుడు వెళ్ళిన చోట మోకాళ్ళ దాకా పాములు కరవని బూట్లు వేసుకుంటారట. మనవాళ్ళు హవాయి చెప్పులతో వెళ్తారు, చాలామంది అవీ లేకుండా.

కాబట్టి మీరు ఆ వాక్యం వెనక్కి తీసుకోవాలని మనవి. సవరణలు వేసే చిన్న పెట్టెలో, కంటికి కనపడని అక్షరాల్లో కాకుండా, వచ్చే ఆదివారం అదే అనుబంధంలో అదే పేజీలో వెయ్యండి, మా టీ కొట్టుకి ఆ పేజీయే వస్తుంది. నడిచేటప్పుడు టార్చి కాలి ముందు వెలగాలని, బూటు ఉండాలని, వేట నేరమని మూడు లైన్లు చాలు. హెల్మెట్‌దా చేతిదా అన్నది మీ ఇష్టం, ఎలా వేసినా మా ఊళ్ళో వాళ్ళు మళ్ళీ నా అరుగు మీదకే వస్తారు.

ఇట్లు,
ఒక లంక రైతు,
కోనసీమ